కాన్ఫరెన్స్ మారినంత మాత్రాన మీ అబ్బాయి స్కాలర్‌షిప్ పెరగదు: కాలేజీ క్రీడల డబ్బుపై అపోహలు, వాస్తవాలు

అమెరికా పశ్చిమ తీరంలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో క్రీడాకారుల చదువు వ్యవహారాలు చూసే ఉద్యోగం నాది. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము పోటీలు ఆడుకునే విశ్వవిద్యాలయాల కూటమి; బిగ్ టెన్, పాక్-12 అలాంటివే. మా విశ్వవిద్యాలయం కూడా 2024లో కాన్ఫరెన్స్ మారింది. అప్పటి నుంచి తెలుగు తల్లిదండ్రులు ఎవరో ఒకరి ద్వారా నా నంబరు సంపాదించి ఫోను చేస్తూనే ఉన్నారు. అందరిదీ దాదాపు ఒకటే ప్రశ్న: "ఫలానా యూనివర్సిటీ బిగ్ టెన్‌లో చేరింది కదా మేడమ్, ఇక టెన్నిస్‌కు ఫుల్ స్కాలర్‌షిప్ ఇస్తారట?" వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి తిరిగి ఈ మాట నిజమై కూర్చుంది. దీన్ని నమ్మి నష్టపోయిన కుటుంబాలను దగ్గర నుంచి చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

అపోహ: పెద్ద కాన్ఫరెన్స్‌లో చేరితే అన్ని ఆటలకూ డబ్బు వస్తుంది

రాదు. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతావన్నీ మరిచిపోయినా ఫరవాలేదు.

కాన్ఫరెన్స్‌లు మారేది అమెరికన్ ఫుట్‌బాల్ ప్రసార హక్కుల కోసం. 2022 ఆగస్టులో బిగ్ టెన్ కాన్ఫరెన్స్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ టీవీ సంస్థలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఒప్పందం చేసుకుంది. అంతకు కొన్ని వారాల ముందు, జూన్ 30న, లాస్ ఏంజిలెస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్ఏ విశ్వవిద్యాలయాలు పాక్-12ను వదిలి బిగ్ టెన్‌లో చేరుతున్నట్టు ప్రకటించాయి. మరుసటి ఏడాది ఆగస్టు 4న ఒక్కరోజే ఐదు విశ్వవిద్యాలయాలు పాక్-12 నుంచి బయటకు నడిచాయి. 1915లో మొదలైన చరిత్ర ఉన్న కాన్ఫరెన్స్‌లో చివరికి ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే మిగిలాయి. ఈ చర్చల్లో ఎక్కడా టెన్నిస్, ఈత, గోల్ఫ్ జట్ల ప్రయోజనం లెక్కలోకి రాలేదు. టీవీ సంస్థలు కొన్నది శనివారం ఫుట్‌బాల్ చూసే ప్రేక్షకులను.

పైగా కొత్తగా చేరినవారందరికీ పూర్తి వాటా దక్కలేదు. స్టాన్‌ఫర్డ్, కాల్ బర్క్‌లీ అట్లాంటిక్ తీరం కాన్ఫరెన్స్ అయిన ఏసీసీలో చేరడానికి మొదటి ఏడేళ్లూ టీవీ డబ్బులో సుమారు 30 శాతం వాటాకే ఒప్పుకున్నాయి. టెక్సస్‌లోని ఎస్ఎంయూ అయితే తొమ్మిదేళ్లపాటు ఆ వాటానే వదులుకుని చేరింది. బయటినుంచి చూసేవారికి పదోన్నతిలా కనిపించినా లోపల బడ్జెట్ ఇంకా బిగుసుకుంది.

ఖర్చు మాత్రం అన్ని ఆటలకూ పెరిగింది. ఫుట్‌బాల్ జట్టుకు సీజన్లో ఉండేవి పన్నెండు ఆటలు, ప్రయాణానికి చార్టర్ విమానం. టెన్నిస్, వాలీబాల్, సాఫ్ట్‌బాల్ జట్లు వారం మధ్యలో కూడా మామూలు విమానాల్లో దేశం ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లాలి. తూర్పు తీరంలో మ్యాచ్‌కు వెళ్లిన మా టెన్నిస్ జట్టు అమ్మాయి ఒకరికి ఆర్గానిక్ కెమిస్ట్రీ పరీక్ష పడింది. మ్యాచ్ మధ్యాహ్నం. కాబట్టి హోటల్ టిఫిన్ హాలులో ఒక మూల బల్ల దగ్గర పొద్దున ఏడింటికి కూర్చోబెట్టి రాయించాను. మా ఊరి గడియారంలో అప్పుడు తెల్లవారుజాము నాలుగు. విమానం ఆలస్యమై ఆ పిల్ల ముందురోజు అర్ధరాత్రి దాటాకే గదికి చేరింది. రాకెట్ సంచీ కుర్చీ పక్కనే పెట్టుకుని, చల్లారిపోయిన కాఫీ ముట్టకుండా, మూడు గంటలు తల ఎత్తకుండా రాసింది. ఎన్ని వందల కోట్ల ఒప్పందమైనా ఆ బల్ల దగ్గరికి చేర్చింది అలసటనే.

ఇక స్కాలర్‌షిప్ సంగతి. కాలేజీ క్రీడల మూడు శ్రేణుల్లో పైదైన డివిజన్-1 పురుషుల టెన్నిస్‌లో చాలా కాలం ఒక జట్టుకు 4.5 స్కాలర్‌షిప్పులే పరిమితి. దాన్నే ఎనిమిది పది మందికి పంచేవారు. క్రీడాకారులకు ఆదాయంలో వాటా కోసం నడిచిన హౌస్ కేసులో కుదిరిన రాజీ ఒప్పందం 2025లో అమల్లోకి వచ్చాక, అందులో చేరిన విశ్వవిద్యాలయాల్లో ఈ పరిమితి పోయి, జట్టులో గరిష్ఠంగా పది మంది అనే నియమం వచ్చింది. వెంటనే గ్రూపుల్లో "ఇక పది మందికీ ఫుల్ స్కాలర్‌షిప్" అని రాసేశారు. ఇవ్వడానికి అనుమతి దొరికింది, అంతే. ఇవ్వడానికి డబ్బు ఎవరూ పంపలేదు. ఉన్న డబ్బును ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ క్రీడాకారుల వాటాకు తరలించాల్సి వచ్చి చిన్న ఆటలకు కోత పెట్టినవారూ ఉన్నారు. 2025 మార్చిలో కాలిఫోర్నియాలోని కాల్ పాలీ విశ్వవిద్యాలయం తన ఈత జట్టును రద్దు చేస్తూ ఈ ఒప్పందం భారాన్ని కూడా ఒక కారణంగా చెప్పింది.

ఒక తండ్రి సంగతి చెప్పాలి. అబ్బాయి మంచి ఆటగాడు. ఎనిమిదో తరగతి నుంచి అకాడమీలు, టోర్నమెంట్లు, హోటళ్లు. ఇంటి మీద అప్పు తీసుకుని ఆడించారు. పెద్ద కాన్ఫరెన్స్‌లోని ఒక విశ్వవిద్యాలయం కోచ్ "నువ్వు మా ప్రణాళికల్లో ఉన్నావు" అని రాసిన మెయిలు నాకు చూపించారు. మొత్తం రెండుసార్లు చదివాను. అందులో డాలర్ గుర్తు ఎక్కడా లేదు. ఆ మెయిలును నమ్ముకుని, చదువు మీద గణనీయమైన సాయం ఇస్తామన్న ఒక డివిజన్-3 కాలేజీకి గడువులోగా జవాబు ఇవ్వలేదు. ఆ వేసవిలో కోచ్ వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు. కొత్త కోచ్ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి అనుభవం ఉన్న ఆటగాళ్లను తెచ్చుకున్నారు. అబ్బాయి వేరే రాష్ట్రం విద్యార్థులు కట్టే పూర్తి ఫీజు కట్టి మామూలు విద్యార్థిగా చేరాడు. "ఎవరినీ తప్పు పట్టలేను మేడమ్, అడగడం నాకే తెలియలేదు" అన్నారాయన. ఆయన తప్పేమీ లేదు. పిల్లవాడి మీద ప్రేమ ఉన్న ఎవరైనా ఆ మెయిలును అలాగే చదువుకుంటారు.

అందుకే చెబుతున్నాను, రాతపూర్వకమైన ఆర్థిక సాయ ఒప్పందం చేతికి వచ్చేదాకా ఆఫర్ లేనట్టే. క్రీడాకారుడు ఏ కాలేజీలో చేరేదీ ఖాయం చేసిన పత్రం, నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్, 2024 అక్టోబరులో రద్దయింది. ఇప్పుడు విశ్వవిద్యాలయం సంతకం చేసిన ఆ ఒప్పందమే ఆధారం. అందులో మొత్తం ఎంత? ఏడాదికా, నాలుగేళ్లకా? ఫీజుకేనా, వసతి భోజనాలకు కూడానా? గాయపడితే కొనసాగుతుందా? కోచ్ వెళ్లిపోతే? ఈ ప్రశ్నలు అడిగితే కోచ్‌కు కోపం వస్తుందని భయపడేవారు చాలామంది. మంచి కోచ్‌లకు రాదు. కోపం వచ్చే కోచ్ దగ్గరికి పిల్లలను పంపకండి.

అపోహ: ఇప్పుడు క్రీడాకారులందరికీ జీతాలు వస్తున్నాయి

2025 జూలై 1 నుంచి విశ్వవిద్యాలయాలు క్రీడాకారులతో ఆదాయం పంచుకోవచ్చు. మొదటి ఏడాది పరిమితి ఒక్కో విశ్వవిద్యాలయానికి సుమారు 2.05 కోట్ల డాలర్లు. అది గరిష్ఠం; అంత పంచాలన్న నిబంధన లేదు. పంచే చోట్ల కూడా సింహభాగం ఫుట్‌బాల్‌కు, ఆ తర్వాత పురుషుల బాస్కెట్‌బాల్‌కు పోతోంది. గోల్ఫ్ ఆడే పిల్లకు దక్కేది ఏమీ లేకపోవచ్చు.

అపోహ: కాన్ఫరెన్స్‌లను ఎన్‌సీఏఏ నిర్ణయిస్తుంది, అక్కడే ఫిర్యాదు చేయాలి

ఎన్‌సీఏఏ కాలేజీ క్రీడల జాతీయ సంస్థ. దానికి ఆ అధికారం లేదు. ఫుట్‌బాల్ ప్రసారాలపై దాని గుత్తాధిపత్యాన్ని 1984లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అప్పటి నుంచి హక్కులు అమ్ముకునేది కాన్ఫరెన్స్‌లూ విశ్వవిద్యాలయాలే. జాతీయ విజేతను తేల్చే ఫుట్‌బాల్ ప్లేఆఫ్ డబ్బు కూడా ఎన్‌సీఏఏకు రాదు.

అపోహ: క్రీడా విభాగాలన్నీ లాభాల్లో ఉన్నాయి

స్వయంగా సంపాదించే దానికన్నా ఎక్కువ ఖర్చు చేసేవే ఎక్కువ. ఆ తేడాను విశ్వవిద్యాలయం నిధులు, చాలాచోట్ల విద్యార్థుల ఫీజులు పూడుస్తాయి. మీ పిల్లలు ఏ ఆటా ఆడకపోయినా ఫీజు రశీదులో అథ్లెటిక్స్ పేరుతో ఒక పద్దు ఉండవచ్చు. చూసుకోండి.

అపోహ: డివిజన్-3 అంటే నాసిరకం

ఎంఐటీ డివిజన్-3లోనే ఆడుతుంది. బిగ్ టెన్ వ్యవస్థాపకుల్లో ఒకటైన షికాగో విశ్వవిద్యాలయం 1946లో అందులోంచి బయటకు వచ్చింది, ఇప్పుడు డివిజన్-3లో ఉంది. అక్కడ ఆట మీద స్కాలర్‌షిప్ ఇవ్వరు, హార్వర్డ్ లాంటివి ఉన్న ఐవీ లీగ్‌లోనూ ఇవ్వరు. చదువు మీద, కుటుంబ ఆదాయం మీద ఇచ్చే సాయం మాత్రం కొన్నిసార్లు డివిజన్-1 పాక్షిక స్కాలర్‌షిప్ కన్నా ఎక్కువ ఉంటుంది. ఈ లెక్క వేసుకోకుండా కాదనడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అపోహ: ఇండియా నుంచి వచ్చి ఆడేవారూ బ్రాండ్ ఒప్పందాలతో సంపాదించవచ్చు

విశాఖకు చెందిన సాకేత్ మైనేని అలబామాలో కాలేజీ టెన్నిస్ ఆడిన కాలంలో ఈ ప్రశ్నే లేదు. అప్పట్లో ఎవరూ సంపాదించకూడదు. 2021 జూలై నుంచి పేరు, రూపం వాడుకుని సంపాదించే హక్కు వచ్చింది. నెల్లూరు మూలాలున్న కుటుంబంలో పుట్టి స్టాన్‌ఫర్డ్‌కు ఆడిన నిశేష్ బసవరెడ్డి పేరు చెప్పి "మా వాడికీ వస్తుంది కదా" అంటారు. ఆయన అమెరికా పౌరుడు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారికి పని చేయడంపై ఉన్న ఆంక్షలు ఈ హక్కు వచ్చాక కూడా మారలేదు. దుకాణం ముందు నిలబడి ఒక ఫొటో దిగడం, డబ్బు తీసుకుని ఒక వీడియో పెట్టడం కూడా వీసాను చిక్కుల్లో పడేయవచ్చు. విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని, వలస చట్టాలు తెలిసిన న్యాయవాదిని అడగకుండా దేనికీ సంతకం పెట్టనివ్వకండి. జట్టు సహచరుడు పెట్టాడు కదా అని అసలే వద్దు. సంతకం అయ్యాక నాకు ఫోను చేస్తే నేను చేయగలిగింది చాలా తక్కువ.