ఒకే పేస్టుకు రెండు కొనుగోలు ధరలు: కిరాణా కొట్ల ఫిర్యాదు వెనుక కథ

కిరాణా కొట్టుకూ సూపర్ మార్కెట్‌కూ మధ్య తగవు అనగానే ఏసీ, ట్రాలీ, పార్కింగు గుర్తుకొస్తాయి గానీ, అసలు పేచీ కొనేవాడి కంటికి కనిపించని చోట, అంటే కంపెనీ ఎవరికి ఎంతకు సరుకు ఇస్తోందన్న దగ్గర ఉంది. వంద రూపాయల ఎమ్మార్పీ ఉన్న టూత్‌పేస్టు డిస్ట్రిబ్యూటర్ వ్యానులో కొట్టుకు 90 రూపాయలకు దిగిందనుకుందాం. అదే పేస్టును వీధి చివరి సూపర్ మార్కెట్ 85కే అమ్ముతుంటే, కొట్టు యజమాని తన లాభమంతా వదులుకున్నా ఆ ధరకు ఇవ్వలేడు. సేల్స్‌మన్‌కు ఆర్డరు రాయించడం మానేసి, సంచి పట్టుకుని తానే ఆ సూపర్ మార్కెట్‌లో కొనుక్కురావడం నయమనిపిస్తుంది.

చట్టం ఇందులో పెద్దగా అడ్డుపడదు. ఎమ్మార్పీ అనేది పైకప్పు మాత్రమే. ఎంత తక్కువకు అమ్మాలన్న దానికి గానీ, దుకాణదారుకు ఎంతకు ఇవ్వాలన్న దానికి గానీ అది హద్దు పెట్టదు. గుత్తాధిపత్యాన్నీ, పోటీని అడ్డుకునే వ్యాపార పద్ధతులనూ అదుపు చేసేందుకు వచ్చిన 1969 నాటి ఎమ్మార్టీపీ చట్టం 33వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు చేయించాల్సిన ఒప్పందాల్లో లావాదేవీల పేరిట ఇచ్చే డిస్కౌంట్లు, రిబేట్లు, అరువు సౌకర్యాలు కూడా ఉండేవి. దాని స్థానంలో వచ్చిన 2002 నాటి పోటీ చట్టం వివక్షతో కూడిన ధరను తప్పుపడుతుంది గానీ, అది మార్కెట్లో ఆధిపత్యం ఉన్న సంస్థకే వర్తిస్తుంది. పోటీని తట్టుకోవడానికే ఆ ధర పెట్టామని చెప్పుకునే వెసులుబాటు కూడా అందులోనే ఉంది.

ఏ అండ్ పీ వంటి గొలుసు దుకాణాలకు దొరికే రహస్య రాయితీల మీద చిన్న వర్తకులు మొత్తుకోవడంతో అమెరికా 1936లోనే రాబిన్సన్–పాట్‌మన్ చట్టం తెచ్చింది. పోటీదారులైన ఇద్దరు కొనుగోలుదారులకు ఒకే సరుకును వేర్వేరు ధరలకు అమ్మి పోటీని దెబ్బతీయకూడదనీ, ఖర్చులో నిజమైన తేడా ఉంటే ఆ మేరకు ధరలో తేడా చూపవచ్చనీ దాని సారాంశం. అయితే అక్కడా అది దశాబ్దాలుగా అటకెక్కింది. ఒక పెద్ద దుకాణానికి మేలు చేసే ధరలు ఇచ్చిందంటూ పెప్సీకో మీద 2025 జనవరిలో వేసిన కేసును ఆ దేశపు వాణిజ్య కమిషన్ మే నెలలోనే ఉపసంహరించుకుంది.

మన దగ్గర 2003లో మెట్రో సంస్థ బెంగళూరులో దుకాణదారులు నగదు కట్టి సరుకు పట్టుకెళ్లే ‘క్యాష్ అండ్ క్యారీ’ టోకు దుకాణం తెరవడంతో టోకులోకి పెద్ద పెట్టుబడి వచ్చింది. రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణాలు 2006 నవంబరులో హైదరాబాదులోనే మొదలయ్యాయి. ఆ మరుసటి ఏడు రాంచీలోనూ ఉత్తరప్రదేశ్‌లోనూ రేగిన నిరసనలు ముఖ్యంగా కూరగాయల వ్యాపారులవి. మల్టీబ్రాండ్ రిటైల్‌లో, అంటే పలు బ్రాండ్ల సరుకు ఒకేచోట అమ్మే చిల్లర దుకాణాల్లో 51 శాతం విదేశీ పెట్టుబడికి 2012లో కేంద్రం అనుమతించినప్పుడు అంగీకరించిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పటి చర్చ అంతా ‘విదేశీ’ అన్న మాట చుట్టూ తిరిగింది గానీ, బేరమాడే బలం స్వదేశీ సంస్థకైనా ఒకటేనన్న సంగతి అంతగా వినిపించలేదు.

ధరల గొడవ బహిరంగంగా బద్దలైంది 2021 డిసెంబరులో. కొట్లకు తామే టోకున సరుకు అమ్మే జియోమార్ట్, మెట్రో, ఉడాన్ వంటి సంస్థలకు ఇచ్చే ధరలే తమకూ ఇవ్వాలని అఖిల భారత కన్స్యూమర్ ప్రొడక్ట్స్ డిస్ట్రిబ్యూటర్ల సమాఖ్య కంపెనీలకు లేఖ రాసింది. తాము దుకాణదారుకు 8–12 శాతం మార్జిన్ ఇవ్వగలుగుతుంటే, ఆ సంస్థలు 15–20 శాతం ఇస్తున్నాయన్నది దాని వాదన. మహారాష్ట్రలో 2022 జనవరి 1 నుంచి కొన్ని కోల్గేట్ సరుకులను తీసుకోబోమని డిస్ట్రిబ్యూటర్లు ప్రకటించారు. ఇక్కడ ఒక మెలిక ఉంది: ఈ గొడవలో కొట్టువాడు బాధితుడు కాదు, చౌకగా దొరికే యాప్‌లో కొనుక్కుని లాభపడ్డవాడే. నష్టపోయింది అరువిచ్చి, ఎక్స్‌పైరీ సరుకు వెనక్కి తీసుకుని, వంతు తప్పకుండా కొట్టు కొట్టుకూ మనిషిని పంపే డిస్ట్రిబ్యూటర్. అతను తప్పుకుంటే ఆ సేవలన్నీ ఎవరు చేస్తారన్నది కొట్టువాడు ఆలోచించాల్సిన సంగతే.

పది నిమిషాల డెలివరీ వచ్చాక ఇద్దరూ ఒకే వైపు చేరారు. ఇదే సమాఖ్య 2024 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్‌కు లేఖ రాసి, 2025లో బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్‌ల మీద కేసు దాఖలు చేసింది.

ఒకే గోదాముకు లారీ నిండా సరుకు పంపితే ఖర్చు తగ్గుతుందన్న కంపెనీల మాటలో నిజం లేకపోలేదు. అయితే తగ్గేది ఎంత, ఇచ్చే రాయితీ ఎంత అని పోల్చి చూపేవారు లేరు. పెద్ద దుకాణానికి దక్కే మేలు చాలావరకు షెల్ఫు డిస్‌ప్లే, ప్రచారం, టార్గెట్ల పేరిట తర్వాత ఇచ్చే క్రెడిట్ నోట్లలో, అంటే బిల్లు అయ్యాక కంపెనీ జమ వేసే సొమ్ములో ఉంటుంది కనుక, కొట్టు బిల్లును సూపర్ మార్కెట్ బిల్లు పక్కన పెట్టి చూసినా రెండింటి మీదా ఒకే అంకె కనిపించవచ్చు.