ఎరువు వేయని మడి

చిన్నీకీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

ఎరువు వేయకుండా వరిని మాడిస్తే శాస్త్రవేత్తలకు ఏమొస్తుందని మొన్న అడిగారు కదా. ఫోన్‌లో చెబితే సగమే వింటారని రాస్తున్నాను.

మన గోదావరి జిల్లాల్లో భాస్వరం అందించే డీఏపీ ఎరువు బస్తా దింపకుండా నాట్లు పడవు. అన్నీ అందే చేలో ఏ రకమైనా బాగానే ఎదుగుతుంది. భాస్వరం చాలకపోయినా నెగ్గుకొచ్చేది ఏదో తేలాలంటే కావాలనే దాన్ని కరువులో పెట్టాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థలో ఇందుకోసమే ఏళ్ల తరబడి భాస్వరం వేయని మడి ఒకటి ఉంది.

ఒక్కో రకాన్నీ భాస్వరం వేసిన మడిలోనూ, వేయని మడిలోనూ నాటుతారు. ఎరువు మడి నీళ్లు గట్టు పొర్లి ఇటు వచ్చాయా, ఆ పంటకాలం దండగే. తట్టుకుంటుందని తెలిసిన రకం ఒకటి, తట్టుకోలేదని తెలిసినది ఒకటి పక్కనే ఉంచుతారు. ఆ రెండూ ఒకేలా ఎదిగితే మడిలో అసలు కొరతే లేదన్నమాట. తట్టుకునే వాటిలో మన మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ రకం కూడా ఉంది.

భాస్వరం చాలని వరి పసుపెక్కదు. ముదురాకుపచ్చగా, గిడసబారి, ఆకులు నిక్కబొడుచుకుని ఉంటుంది. గట్టు మీద నిలబడి చూసేవాళ్లు 'చేను భలే నల్లగా ఉందే' అని మురిసిపోతారు. దుబ్బు దగ్గర కూర్చుని పిలకలు లెక్కపెడితే తక్కువే ఉంటాయి, గుట్టు బయటపడుతుంది. ఈనడం కూడా ఆలస్యమవుతుంది. ఇక కోతయ్యాక తూకం. ఎరువు వేసినా వేయకపోయినా ఒకే దిగుబడి ఇచ్చే రకాన్ని చూసి సంబరపడకండి, రెండుచోట్లా తక్కువే పండి ఉండొచ్చు. అలాంటిది ఊరికే ఇచ్చినా నాకొద్దు.

కాసలత్ అనే పాత దేశవాళీ వరిలో ఈ గుణానికి కారణమైన జన్యువును 2012లో బయటపెట్టారు. దాని పేరు పీస్టాల్1. మొక్క లేతగా ఉన్నప్పుడే వేళ్లు బాగా పెరిగేలా చేస్తుంది. వేళ్లు ఎంత దూరం పాకితే అంత భాస్వరం అందుతుంది.

భాస్వరం కొరతకు తట్టుకున్నది జింకు లోపానికీ తట్టుకుంటుందని లేదు, ఆ పరీక్ష వేరే. నీళ్లు నిలిచే మన పల్లపు చేలల్లో నాకు బెంగ ఈ జింకు గురించే. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో కింది ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. తెగులనుకుని మందు కొట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పైగా భాస్వరం ఎక్కువ వేస్తే జింకు లోపం ఇంకా ముదురుతుంది.

కుండీల్లో మీరూ చేసి చూస్తామన్నారుగా, మన చేలో మట్టి మాత్రం వాడకండి. ఏళ్లుగా డీఏపీ తిన్న నేల అది, ఒక పంటకాలం ఎరువు మానేసినా మొక్కకు తెలియదు. ఏటి ఇసుక కడిగి పోయండి. భాస్వరం ఒక్కటే ఆపి మిగతా పోషకాలన్నీ ఇవ్వాలి, లేదంటే మొక్క దేనికి వాడిపోయిందో తెలియదు.

మీ తాతయ్య