రోడ్డు పేరిట మొదలైన పన్ను

2021లో కొన్ని నెలలపాటు లీటరు పెట్రోలు మీద కేంద్రం వసూలు చేసిన ఎక్సైజు సుంకం 32 రూపాయల 90 పైసలు. అందులో మూల ఎక్సైజు సుంకం 1 రూపాయి 40 పైసలే. రోడ్డు, మౌలిక వసతుల సెస్సు, అంటే ఒక పని పేరు చెప్పి వేసే అదనపు పన్ను, 18 రూపాయలు, సర్‌ఛార్జీగా వేసే ప్రత్యేక అదనపు సుంకం 11 రూపాయలు, వ్యవసాయ సెస్సు రెండున్నర రూపాయలు. సెస్సులను, సర్‌ఛార్జీలను రాష్ట్రాలతో పంచుకోనక్కరలేదు కనుక, కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు ఇవ్వాలని ఆర్థిక సంఘం చెప్పిన 41 శాతం వాటా ఆ 1 రూపాయి 40 పైసలకు మాత్రమే వర్తించింది. వాహనదారు రోడ్డు కోసమని కట్టే డబ్బు ఈ తీరుకు ఎలా చేరిందో తెలియాలంటే దాదాపు వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మన దేశంలో మోటారు బండ్లు పెరిగాయి గానీ, అవి తిరగవలసినవి ఎడ్లబండ్ల బరువుకు వేసిన కంకర రోడ్లే. వాటిని బాగుచేసే శక్తి స్థానిక బోర్డులకు లేదు. 1927లో ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ, పెట్రోలుపై అదనపు సుంకం వేసి ఆ సొమ్మును రోడ్లకే ఖర్చుపెట్టాలని మరుసటి ఏడు సిఫారసు చేసింది. 1929లో గాలను (సుమారు నాలుగున్నర లీటర్ల) పెట్రోలుపై సుంకం 4 అణాల నుంచి 6 అణాలకు పెరిగింది. పెరిగిన 2 అణాలతో కేంద్ర రోడ్డు నిధి పుట్టింది. ఏ ప్రాంతంలో ఎంత పెట్రోలు ఖర్చయితే ఆ లెక్కన వాటా పంచడం ఆనాటి పద్ధతి. తీసుకున్న చోటికే తిరిగి ఇవ్వాలన్న ఆ లెక్కలోని న్యాయం తర్వాతి ఏర్పాట్లలో అంత స్పష్టంగా కనబడదు.

కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. ఊరూరా గేటు దగ్గర బండి ఆపి ఆశీలు వసూలు చేసే పద్ధతిని తీసివేసి, దాని స్థానంలో వాహనానికి ఒకే పన్ను విధిస్తూ, ఆదాయం పోయిన స్థానిక సంస్థలకు పరిహారం ఇచ్చేలా 1931లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1963లో వచ్చిన మోటారు వాహనాల పన్ను చట్టమే సవరణలతో నేటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లో అమలవుతోంది. లారీలకు మూడు నెలలకోసారి కట్టే పన్ను, సొంత కార్లకు, బైకులకు కొన్నప్పుడే కట్టే లైఫ్ టాక్సు దీని కిందివే.

కేంద్ర రోడ్డు నిధికి 2000లో చట్టబద్ధత వచ్చింది. 2018 సవరణతో ఆ నిధి పేరులో మౌలిక వసతులు చేరి, రైల్వేలు, విమానాశ్రయాలు, ఆసుపత్రుల వంటి వాటికి కూడా దాన్ని వాడే వీలు కలిగింది. అవి అవసరమైనవే అయినా, సెస్సుకు రోడ్డు పేరు ఉన్నప్పుడు కట్టేవాడికి ఇచ్చిన మాట కూడా రోడ్డు గురించినదే కావాలి. 2017లో జీఎస్టీ వచ్చినా పెట్రోలు, డీజిలు దాని బయటే ఉండటంతో, రాష్ట్రాలు వేసే అమ్మకం పన్ను (వ్యాట్) కేంద్ర సుంకం కలిసిన ధర మీదే పడుతోంది. అంటే పన్ను మీద పన్ను.

పన్నుకూ రోడ్డుకూ ఉన్న పాత ముడి విశాఖ ఉక్కు కర్మాగారం కేసులో మళ్లీ ముందుకొచ్చింది. చుట్టూ ప్రహరీ, గేట్ల దగ్గర కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్) కాపలా ఉన్న డిస్పాచ్ యార్డులో, అంటే సరుకు బయటికి పంపే ఆవరణలో, ఒక కాంట్రాక్టు సంస్థ 36 వాహనాలు నడిపింది. బయటి రోడ్డెక్కని బండికి పన్నేమిటని ఆ సంస్థ అడిగితే, హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఒప్పుకుంది, ద్విసభ్య ధర్మాసనం కాదంది. 1963 చట్టం ‘బహిరంగ స్థలం’లో వాడే వాహనానికే పన్ను వేయమంటోందని, యార్డు అలాంటి స్థలం కాదని 2025 ఆగస్టు 29న సుప్రీంకోర్టు తేల్చి, 22,71,700 రూపాయలు వాపసు ఇవ్వాలన్న మొదటి తీర్పును నిలబెట్టింది.