ఓలాంజపిన్: తగ్గాక మాత్ర ఎందుకండీ?

ఉగాది వెళ్లిన వారంలో ఒకావిడ ఓపీకి వచ్చి కవరులోంచి కొడుకు వాడే ఓలాంజపిన్ మాత్రల స్ట్రిప్పులు టేబుల్ మీద పరిచింది. నాలుగు నిండుగానే ఉన్నాయి. అయిదోదాంట్లో మిగిలినవి బ్లేడుతో కోసిన సగం ముక్కలు.

"బాగానే ఉన్నాడు కదండీ, ఇంకెందుకని ముందు సగం చేశాను. సంక్రాంతికి పూర్తిగా మానిపించేశాను."

కొడుకు మూడు రాత్రులుగా నిద్రపోలేదు. ఎదురింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారట. ఆవిడను కోప్పడబుద్ధి కాలేదు. వారానికి ఇద్దరైనా ఇదే మాటతో వస్తారు.

అపోహ: తగ్గింది కాబట్టి మాత్ర అక్కర్లేదు.

వాస్తవం: వేసుకుంటున్నాడు కాబట్టే తగ్గింది. స్కిజోఫ్రెనియా, అంటే లేనిపోని అనుమానాలు, భ్రమలు కలిగే మానసిక జబ్బు, మొదటిసారి వచ్చినా, బాగయ్యాక కనీసం ఏడాది రెండేళ్లు వాడమంటాం. చిక్కేమిటంటే, ఆపిన మర్నాడే ఏమీ కాదు. పైగా మత్తు వదిలి మనిషి హుషారుగా కనిపిస్తాడు. "చూశారా, మందు లేకపోతేనే బాగున్నాడు" అంటారు ఇంట్లో. రెండు మూడు నెలలకు జబ్బు తిరగబెడితే అది మాత్ర ఆపినందుకని ఎవరికీ తట్టదు. దిష్టి అంటారు, గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు. ఈలోగా ఉద్యోగం పోతుంది. ఆపాల్సిన రోజు వస్తే మేమే కొద్దికొద్దిగా తగ్గిస్తాం, బ్లేడు మీకెందుకు?

అపోహ: ఇది నిద్రమాత్ర, అలవాటైపోతుంది.

మత్తు వస్తుంది, నిజమే. అందుకే రాత్రిపూట రాస్తాం. ఇంకా ఇంకా కావాలనే యావ మాత్రం పుట్టదు.

అపోహ: ఇది పిచ్చివాళ్ల మందు.

క్యాన్సర్‌కు ఇచ్చే కీమో మందుల వల్ల వచ్చే వాంతులకూ దీన్నే చిన్న డోసులో ఇస్తారు. చీటీలో ఆ పేరు చూసి, ఫోన్‌లో వెతికి, "మా నాన్నకు ఇదెందుకు రాశారు?" అని వణికిపోతూ అడిగినవాళ్లున్నారు. టెన్షన్ పడకండి.

అపోహ: ఒళ్లు చేయడం మంచిదే.

కాదు. ఆకలి పెరుగుతుంది, బరువుతో పాటు షుగరు, కొలెస్ట్రాల్ కూడా పెరగొచ్చు. మొదలుపెట్టే ముందు, మూడు నెలలకు, ఆ తర్వాత ఏడాదికోసారి పరీక్షలు చేయించాలి. ఒకప్పుడు నేనే ఒక పేషెంటు బరువు చూడకుండా మూడు విజిట్లు పంపించేశాను. నాలుగోసారి అతను బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త చిల్లు చూపించాడు.

ఆ రోజు అంతసేపూ నోరు విప్పని ఆ కుర్రాడు, మళ్లీ మొదలుపెడదాం అనగానే, "మళ్లీ లావైపోతానా సార్?" అన్నాడు. వాళ్లమ్మ అతని వైపు తిరిగింది. ఈ మాట ఆవిడ కూడా అప్పుడే వింటోంది. బరువు చూశాం, 84. చీటీ మీద రాసి, షుగర్ పరీక్షకు పంపి, బరువు అంతగా పెంచని మందు గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాం.