అంకె నుంచి డిస్క్రిప్టర్‌కు: ఒక రేడియో డ్రైవర్‌లో రీసెట్ పిన్ మారిన తీరు

లైనక్స్ కెర్నెల్‌ను కొత్త వెర్షన్‌కు మార్చగానే, నిన్నటిదాకా నడిచిన 802.15.4 రేడియో (తక్కువ కరెంటుతో నడిచే చిన్న వైర్‌లెస్ చిప్) ప్రోబ్ దశలోనే, అంటే డ్రైవర్ చిప్‌ను గుర్తించే దశలోనే, ఆగిపోతుంది. లాగ్‌లో మాత్రం ఇది ఆట్మెల్ చిప్ కాదన్న ఫిర్యాదు కనిపిస్తుంది. అది చదివినవారు సహజంగానే ఎస్‌పీఐ (చిప్‌తో మాట్లాడే సీరియల్ బస్) తీగలూ, క్లాక్ వేగమూ, చిప్ సెలెక్టూ వెతుకుతారు. వాటిలో తప్పేమీ లేకపోయినా ఈ ఫిర్యాదు రావచ్చు. చిప్ రీసెట్‌లోనే ఉండిపోతే రిజిస్టర్లు అన్నీ సున్నాలుగానో అన్నీ ఒకట్లుగానో చదవబడతాయి. తయారీదారు గుర్తుగా హెక్సాలో 1ఎఫ్ రావాల్సిన చోట అది రాకపోవడంతో డ్రైవర్ వెనుదిరుగుతుంది. ఈ చిక్కు మూలం రేడియోలో లేదు. లైనక్స్ తన జీపీఐఓ పిన్‌లను (సాఫ్ట్‌వేర్ పైకీ కిందికీ మార్చగల తీగలను) గుర్తించే పద్ధతి మారడంలో ఉంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది ఏటీ86ఆర్‌ఎఫ్230 డ్రైవర్. పేరు 230 అయినా అది నడిపేది 231, 212, 233 చిప్‌లను. సెన్సర్ నెట్‌వర్క్‌లలో, 6లోపాన్ (ఇలాంటి రేడియోల మీద ఐపీవీ6) ప్రయోగాల్లో వీటిని వాడతారు. ఎస్‌పీఐ కాక వీటికి మరో మూడు తీగలు కావాలి: ఇంటరప్ట్, స్లీప్, రీసెట్. రాస్ప్‌బెర్రీ పై ఓవర్లేలో (డివైస్ ట్రీకి, అంటే బోర్డు హార్డ్‌వేర్‌ను కెర్నెల్‌కు వివరించే ఫైలుకు, చేర్చే అదనపు ముక్కలో) వీటి డిఫాల్ట్ పిన్‌లు వరుసగా 23, 25, 24. రీసెట్ తీగ 'యాక్టివ్ లో' (active low) రకం, అంటే వోల్టేజీ కిందికి దిగితే చిప్ రీసెట్ అవుతుంది. కనీసం 625 నానోసెకన్ల పల్స్ ఇవ్వాలని డేటాషీట్ చెబుతుంది. డ్రైవర్ ఒక మైక్రోసెకన్ ఆగి, మరో మైక్రోసెకన్ పాటు తీగను కింద ఉంచి, పైకి లేపాక 120 నుంచి 240 మైక్రోసెకన్లు వేచి ఉంటుంది. ఈ కాలాలు మొదటి నుంచీ సరిగానే ఉన్నాయి. మారాల్సింది తీగను పట్టుకునే విధానమే.

2012లో ఈ డ్రైవర్ కెర్నెల్‌లోకి వచ్చినప్పుడు పిన్ అంటే ఒక పూర్ణాంకం. బోర్డు ఫైలు (ఆ బోర్డు కోసం కెర్నెల్‌లోనే రాసిన కోడ్) ఆ అంకెను ప్లాట్‌ఫామ్ డేటాలో, అంటే డ్రైవర్‌కు అందించే వివరాల్లో, పెట్టి ఇచ్చేది. డివైస్ ట్రీ వచ్చాక కూడా డ్రైవర్ అందులోంచి అంకెనే లాక్కునేది. ఈ అంకె సిస్టమ్ మొత్తానికీ ఉమ్మడిది కాబట్టి ఎన్ని జీపీఐఓ కంట్రోలర్లున్నా వరుస ఒక్కటే. డైనమిక్‌గా నమోదయ్యే కంట్రోలర్ ఏ అంకె దగ్గర మొదలవుతుందన్న హామీ లేదు. రాస్ప్‌బెర్రీ పై 4లో 6.6 కెర్నెల్‌తో సిస్ఎఫ్ఎస్ (పిన్‌లను ఫైళ్లుగా చూపే దారి) వాడే పాత స్క్రిప్టులు ఆగిపోవడానికి కారణం ఇదే. మొదలు 512కు జరగడంతో 24వ పిన్ 536 అయింది.

అంతకంటే లోతైన లోపం మరొకటుంది. అంకెకు ధ్రువత, అంటే పిన్ పని చేసేది తీగ పైకి ఉన్నప్పుడా కిందికి ఉన్నప్పుడా అన్నది, తెలియదు. డివైస్ ట్రీలో పిన్ పక్కన యాక్టివ్ హై, యాక్టివ్ లో అనే ఫ్లాగ్ ఉన్నా, అంకెను మాత్రమే తీసుకునే డ్రైవర్ దాన్ని చూడదు. సున్నా రాస్తే తీగ కిందికి, ఒకటి రాస్తే పైకి, అంతే. దాంతో ట్రీ రాసేవారు ఆ గడిలో ఏది పెట్టినా బోర్డు నడిచేది. నడిచినదాన్ని ఎవరు దిద్దుతారు? యాక్టివ్ లో పిన్‌కు యాక్టివ్ హై అని, లేదా ఉత్త సున్నా రాసిన ట్రీలు అలాగే ఏళ్ల తరబడి నిలిచిపోయాయి.

డిస్క్రిప్టర్ ఏపీఐ (పిన్‌ను ధ్రువతతో సహా ఒక వస్తువుగా ఇచ్చే పద్ధతి) 3.13 కెర్నెల్‌తో 2014 జనవరిలో వచ్చింది. ఇందులో డ్రైవర్ పిన్‌ను అంకెతో కాక పేరుతో అడుగుతుంది. 'రీసెట్' అని అడిగితే ట్రీలో 'reset-gpios' అనే బహువచనపు ప్రాపర్టీ, 'reset-gpio' అనే ఏకవచనపు ప్రాపర్టీ రెంటినీ వెతుకుతుంది కాబట్టి పాత ప్రాపర్టీ పేరు మార్చనక్కర్లేదు. ఇక విలువ తార్కికం: ఒకటి అంటే రీసెట్ చెయ్యి, సున్నా అంటే వదిలెయ్యి. తీగ పైకా కిందికా అన్నది ఫ్లాగ్ చూసి జీపీఐఓ లైబ్రరీయే తేల్చుకుంటుంది.

ఏటీ86ఆర్‌ఎఫ్230 ఈ పద్ధతికి మారింది 2023లో. ముందు ప్లాట్‌ఫామ్ డేటాను తీసేశారు. మెయిన్‌లైన్‌లో (అధికారిక కెర్నెల్‌లో) దాన్ని వాడే బోర్డు ఫైలు ఒక్కటీ లేదు. తర్వాత పల్స్ వరుస తలకిందులైంది. ముందు సున్నా, తర్వాత ఒకటి ఉన్నచోట ముందు ఒకటి, తర్వాత సున్నా వచ్చాయి. పిన్ తీసుకునేటప్పటి తొలి విలువ కూడా మారాలి. యాంత్రికంగా మార్చేవారు తరచూ జారేది ఇక్కడే. పాత కోడ్‌లో తొలి స్థితి 'హై' అని ఉంటే కొత్తదాంట్లోనూ 'హై' అనే రాసేస్తారు. కొత్త ఏపీఐలో ఆ మాటకు అర్థం రీసెట్ వెయ్యి అని. రాయాల్సింది 'లో'.

ఇప్పుడు ఫ్లాగ్ తప్పుగా ఉన్న ట్రీతో ఏం జరుగుతుందో అడుగడుగునా చూడండి. తొలి విలువ సున్నా, ట్రీ యాక్టివ్ హై అంటోంది కాబట్టి తీగ కిందికి వెళ్తుంది, చిప్ రీసెట్‌లో పడుతుంది. పల్స్‌లోని ఒకటి తీగను ఒక్క మైక్రోసెకన్ పైకి లేపుతుంది. మళ్లీ సున్నా, మళ్లీ కింద. 120 మైక్రోసెకన్ల తర్వాత రిజిస్టర్ చదివేసరికి చిప్ ఇంకా రీసెట్‌లోనే ఉంటుంది.

దీనికి కెర్నెల్‌లోని ట్రీని దిద్దితే సగం పనే అయినట్టు. బోర్డుల్లో ఇప్పటికే ఫ్లాష్ అయి ఉన్న ట్రీలు మారవు, వాటితో కొత్త కెర్నెల్ నడవాలన్నది లైనక్స్ పాటించే నియమం. అందుకే జీపీఐఓ లైబ్రరీలోని డివైస్ ట్రీ భాగంలో ఒక పట్టిక ఉంది: ఫలానా కంపాటిబుల్ పేరు (ట్రీలో చిప్ రకాన్ని చెప్పే పేరు), ఫలానా ప్రాపర్టీ అయితే ఫ్లాగ్ ఏదున్నా ధ్రువత ఇదీ అని. ధ్రువతను పట్టించుకోని రా విలువలతో డ్రైవర్‌లోనే నెట్టుకొచ్చేవారూ ఉన్నారు. అది ఈ రోజుకు పని చేస్తుంది గాని, తప్పు ట్రీలను మరో పదేళ్లు కాపాడుతుంది. పైగా బోర్డు మీద ఇన్వర్టర్ (సిగ్నల్‌ను తలకిందులు చేసే గేట్) పెట్టినవారికి దారి మూసేస్తుంది. మినహాయింపు ఆ పట్టికలోనే ఉండాలి, డ్రైవర్ శుభ్రంగా ఉండాలి.

ఈ మార్పుతో ఇంకో పాత లోపమూ పోయింది. జీపీఐఓ కంట్రోలర్ ఇంకా సిద్ధం కాకపోతే పాత కాల్ 'తర్వాత ప్రయత్నించు' అనే రుణ విలువ ఇచ్చేది. అంకె చెల్లుతుందా అని మాత్రమే చూసే డ్రైవర్ దాన్ని 'పిన్ లేదు'గా తీసుకుని రీసెట్ చేయకుండానే ముందుకు పోయేది. ఐ2సీ ఎక్స్‌పాండర్ (అదనపు పిన్‌లు ఇచ్చే విడి చిప్) మీద రీసెట్ పిన్ పెట్టిన బోర్డుల్లో ఇది బూట్ వరుసను బట్టి వస్తూ పోతూ ఉండే తప్పు. ఇప్పుడు పిన్ లేకపోతే శూన్యం, సిద్ధం కాకపోతే ఎర్రర్. రెండూ వేరువేరు.

ఎస్‌డీఐఓ (మెమరీ కార్డు బస్) మీద నడిచే వైఫై చిప్‌ల కథ వేరు. రీసెట్ వదిలితే గాని చిప్ బస్‌కు కనబడదు, కనబడితే గాని డ్రైవర్ ప్రోబ్ కాదు. అందుకే 2015 నుంచి ఆ పిన్‌ను హోస్ట్ వైపు ఎంఎంసీ పవర్ సీక్వెన్స్ (చిప్‌కు పవర్, రీసెట్ వరుసగా ఇచ్చే కోడ్) చూస్తోంది. అక్కడా ఇదే జాగ్రత్త అవసరం. చిప్ ఎనేబుల్ తీగ పైకి ఉంటే నడిచే రకం. కానీ ప్రాపర్టీ పేరు రీసెట్ కాబట్టి ఫ్లాగ్ యాక్టివ్ లో అని రాయాలి.

అనుమానం వస్తే డీబగ్ఎఫ్ఎస్‌లోని (కెర్నెల్ లోపలి స్థితిని చూపే ఫైల్ సిస్టమ్‌లోని) జీపీఐఓ ఫైలు తెరవండి. అందులో హై, లో అని చూపేది తీగ మీది అసలు స్థాయిని, తార్కిక విలువను కాదు. ఈ రేడియో నడుస్తున్నప్పుడు రీసెట్ వరుసలో 'అవుట్ హై' పక్కన 'యాక్టివ్ లో' కనిపించాలి. 'అవుట్ లో' ఉండి, 'యాక్టివ్ లో' మాటే లేకపోతే ఎస్‌పీఐని వదిలి ట్రీలో ఆ ఒక్క ఫ్లాగ్‌ను దిద్దండి.