ఒకే తెర మీద రెండు ఫ్రేమ్‌వర్కులు: ఈ చిక్కు ఎప్పుడు మొదలైంది?

రుషికొండ ఆఫీసులో మేం చూసుకునే అప్లికేషన్ పోర్టులో పనిచేసే క్లియరింగ్ ఏజెంట్లది. పాత స్క్రీన్లు యాంగ్యులర్‌జేఎస్‌లో ఉన్నాయి, కొత్తవి రియాక్ట్‌లో. రెండూ వెబ్ పేజీల తెరలు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్కులు, అంటే సిద్ధంగా దొరికే కోడ్ చట్రాలు. ఆమధ్య కొత్త ఫారంలో కంటైనర్ నంబర్ సరిదిద్ది సేవ్ కొడితే, పక్కనున్న పాత పట్టికలో తప్పు నంబరే కనిపించేది. పట్టికలో ఇంకేదైనా బటన్ నొక్కితే గానీ మారేది కాదు. "అసలు రెండూ ఎందుకు కలిపారు?" అని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే.

2010లో గూగుల్ నుంచి యాంగ్యులర్‌జేఎస్ రావడం పెద్ద ఊరట. అంతకుముందు జేక్వెరీ అనే కోడ్ లైబ్రరీతో ప్రతి గడినీ చేత్తో మార్చాల్సి వచ్చేది. ఇందులో డేటా మారితే తెర మారేది, తెర మీద టైప్ చేస్తే డేటా మారేది. 2013 మేలో ఫేస్‌బుక్ రియాక్ట్‌ను బయటపెట్టింది. అక్కడ డేటా పైనుంచి కిందికి ఒకే దారిలో వెళ్తుంది.

అసలు మలుపు 2014 అక్టోబర్‌లో వచ్చింది. 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. ఊరంతా కరెంటు కోసం, నీళ్ల కోసం ఎదురుచూసిన ఆ నెలలోనే, పారిస్ సదస్సులో యాంగ్యులర్ బృందం రెండో వెర్షన్ సంగతి చెప్పింది: తెరను నడిపే కంట్రోలర్లు ఉండవు, తెరకు డేటా అందించే స్కోప్ ఉండదు, అంతా కొత్తగా రాస్తున్నామని. 2016 సెప్టెంబర్‌లో అది విడుదలైంది. పాత కోడ్ అందులో నేరుగా నడవదు. రెంటినీ పక్కపక్కన నడపడానికి ఎన్‌జీఅప్‌గ్రేడ్ అనే వంతెన ఇచ్చారు. ఎలాగూ తిరగరాయక తప్పనప్పుడు రియాక్ట్‌లోనే రాద్దామనుకున్న టీములూ ఉన్నాయి. మాదీ అలాంటిదే. అలాగని ఓడ రేవులో నిలబడి ఉండగా సిస్టమ్ ఆపలేం కదా! ఒక్కో స్క్రీనే మార్చుకుంటూ వచ్చాం.

పేజీ మొత్తం తనదేనని రెండూ అనుకోవడమే చిక్కు. యాంగ్యులర్‌జేఎస్ తన కనుసన్నల్లో జరిగిన మార్పునే పట్టించుకుంటుంది. బయట రియాక్ట్ మార్చిన నంబర్ దానికి తెలియదు, 'అప్లై' అని పిలిచి చెప్పాలి. మా పట్టికకు కావాల్సింది ఆ ఒక్క లైనే. అది కనిపెట్టడానికి రెండు రోజులు పట్టింది.

క్లిక్కుల తగువు ఇంకా మొండిది. క్లిక్ నొక్కిన బటన్ నుంచి బయటి పొరలకు ఒక్కోటిగా పాకుతుంది. రియాక్ట్ 16 దాకా క్లిక్కులను డాక్యుమెంట్ దగ్గర, అంటే పేజీ మొత్తాన్ని చుట్టి ఉన్న బయటి పొర దగ్గర వినేది. అందుకే రియాక్ట్ బటన్‌లో క్లిక్‌ను ఆపినా, దాని చుట్టూ ఉన్న పాత స్క్రీన్‌కు ఆ క్లిక్ ముందే చేరిపోయేది. 2020 అక్టోబర్‌లో వచ్చిన రియాక్ట్ 17, వినే చోటును తనకు ఇచ్చిన రూట్ దగ్గరికి, అంటే పేజీలో రియాక్ట్ భాగం మొదలయ్యే పెట్టె దగ్గరికి జరిపింది. కొత్త సౌకర్యాలేవీ లేవని దాన్ని తేలిగ్గా తీసుకున్నవాళ్లున్నారు. మాలాంటివాళ్లకు అంత మేలు చేసిన వెర్షన్ ఇంకొకటి లేదంటాను.

2021 డిసెంబర్ 31తో యాంగ్యులర్‌జేఎస్‌కు గూగుల్ మద్దతు ఆగిపోయింది. భద్రతా లోపం బయటపడినా అక్కడినుంచి సవరణ రాదు. మా దగ్గర బిల్లుల స్క్రీన్లు ఇంకా అందులోనే ఉన్నాయి. వాటిలో రియాక్ట్‌కు ఒక ఖాళీ డివ్ (పేజీలో ఒక పెట్టె) కేటాయించాం. దాని లోపల పాత కోడ్ చేయి పెట్టదు, స్క్రీన్ మూసేటప్పుడు తప్పకుండా అన్‌మౌంట్ చేస్తాం, అంటే అందులోని రియాక్ట్ భాగాన్ని తీసేస్తాం.