గాలి ఆడని చోటే రేకు కరుగుతుంది: కారు తుప్పు, తక్కువ ఖర్చు

మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "పదేళ్ల కారు. వెనక చక్రం పైన అంచు పొక్కితే టింకరింగ్ షాపులో గీకి, పుట్టీ పెట్టి, రంగు వేశారు. ఒక్క వానాకాలం గడిచేసరికి అదే చోట మళ్లీ పొక్కింది. ఈసారి ఎక్కువ పెట్టలేను. నిలవాలంటే ఏం చేయించాలి?"

ఈ పనిలో ఖర్చంతా రంగుకూ మెరుపుకూ పోతుంది. తుప్పును నిజంగా ఆపేవి చవకవే: ఓపికగా గీకడం, కడగడం, ఆరబెట్టడం, సరైన ప్రైమర్, నీళ్లు పోవడానికి దారి. పుట్టీ ఎందుకు ఓడిపోయిందో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

బడిలో మేకుల ప్రయోగం అందరం చదివాం. గాలీ నీరూ రెండూ తగిలిన మేకు తుప్పుపడుతుంది, గాలి మాత్రమే తగిలినదీ నీరు మాత్రమే తగిలినదీ పడవు. పాఠం అక్కడే ఆగిపోతుంది, అది పెద్ద లోటు. గాలి ఎంత తగిలితే తుప్పు అంత ఎక్కువ అనే అభిప్రాయం పిల్లల మనసులో ఉండిపోతుంది. పెద్దయ్యాక అదే లెక్కన, గాలి తగలకుండా మూసేస్తే సరిపోతుందని పుట్టీ పెట్టిస్తారు. కానీ కారు చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. గాలి ధారాళంగా తగిలే టాప్ మీద ఏమీ ఉండదు. డోరు అడుగు మడతలో, రబ్బరు బీడింగ్ కింద, కాళ్ల దగ్గరి మ్యాట్ కింద, స్టెప్నీ గుంతలో, చక్రం పైన మట్టి అంటుకున్న చోట రేకు తినేసి ఉంటుంది.

దీనికి కారణాన్ని 1920ల్లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త యు.ఆర్. ఎవాన్స్ ఒక్క నీటి చుక్కతో చూపించాడు. ఏ హైస్కూలు ల్యాబ్‌లోనైనా చేయొచ్చు. 100 మి.లీ. నీళ్లలో 3 గ్రాముల ఉప్పు, చిటికెడు పొటాషియం ఫెర్రిసైనైడ్, కొన్ని చుక్కల ఫినాఫ్తలీన్ కలపాలి (ఫెర్రిసైనైడ్ దగ్గరికి యాసిడ్ రానివ్వకూడదు). వాటర్ పేపర్‌తో తళతళలాడేలా రుద్దిన రేకు మీద ఒక పెద్ద చుక్క వేసి వంగి చూడండి. మొదట చుక్కంతటా నీలం, గులాబీ మచ్చలు కలగాపులగంగా లేస్తాయి. కొన్ని నిమిషాలకు అవి సర్దుకుంటాయి. నీలం మధ్యకు చేరుతుంది, గులాబీ అంచు చుట్టూ ఉంగరంలా నిలుస్తుంది. ఇంకాసేపటికి ఆ రెంటి నడుమ గోధుమరంగు వలయం కడుతుంది. అదే తుప్పు.

నీలం ఉన్న చోట ఇనుము ఫెర్రస్ అయాన్లుగా కరుగుతోంది. గులాబీ ఉన్న చోట క్షారం పుడుతోంది, అంటే ఆక్సిజన్ అక్కడ ఖర్చవుతోంది. మొదట్లో చుక్కంతటా ఆక్సిజన్ సమానం. అది వాడుకైపోయాక అంచున నీటిపొర పలుచన కాబట్టి గాలి నుంచి కొత్తది వెంటనే దిగుతుంది, మధ్యకు చేరదు. నీళ్లలో ఆక్సిజన్ వ్యాపించే వేగం గాలిలోకంటే సుమారు పదివేల రెట్లు తక్కువ. అందుకని పని రెండుగా చీలిపోతుంది. ఆక్సిజన్ దొరికే అంచు ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది, దొరకని మధ్యభాగం వాటిని ఇస్తూ కరిగిపోతుంది. ఎలక్ట్రాన్లు రేకులోంచి నడుస్తాయి, అయాన్లు నీళ్లలోంచి నడుస్తాయి. రేకు మీద చిన్న బ్యాటరీ తయారైనట్టే. ఆక్సిజన్ లేకుండా తుప్పు లేదన్న బడిపాఠం నిజమే. కాకపోతే ఆక్సిజన్ ఖర్చయ్యేది ఒక చోట, రేకు నష్టపోయేది ఇంకో చోట.

ఇప్పుడు చుక్క బదులు మట్టిగడ్డ పెట్టండి. మన దగ్గర సముద్రపు ఉప్పుగాలి లేదు, ఎండాకాలం ఎముకలు కూడా ఎండుతాయి, అయినా కార్లు తినిపోతున్నాయంటే ప్రధాన కారణం ఇదే. నాట్ల రోజుల్లో ట్రాక్టర్ల కేజ్‌వీల్స్ రోడ్డెక్కించిన బురద చక్రం పైభాగంలో లోపలి అంచుకు పట్టుకుంటుంది. ఎర్రచెల్క మట్టి తొందరగా ఆరి రాలుతుంది. నల్లరేగడి అట్లా కాదు. దాని బంకమన్ను రేణువులు నీటిని పొరల మధ్య దాచుకుంటాయి. పైన ఎండి పగిలినా రేకును తాకిన పొర రోజుల తరబడి తడిగానే ఉంటుంది, గాలి మాత్రం అక్కడికి చేరదు. ఎవాన్స్ చుక్క మధ్యభాగం అచ్చంగా ఇదే.

ఈ బ్యాటరీకి బలం ఉప్పు. నీళ్లలో అయాన్లు ఎక్కువైతే కరెంటు సులువుగా నడుస్తుంది. క్లోరైడ్ ఇంకో చెడుపు కూడా చేస్తుంది. ఇనుము కరిగే గుంతలో ధనావేశం పెరుగుతుంది, దాన్ని సరిచేయడానికి క్లోరైడ్ లోపలికి చేరుతుంది. అక్కడ ఫెర్రస్ క్లోరైడ్ నీటితో చర్య జరిపి ఆమ్లం పుట్టిస్తుంది, గుంత ఇంకా లోతవుతుంది. ఎరువుల బస్తాలు డిక్కీలో తెచ్చుకునేవాళ్లు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. ఎర్ర పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, దాని బరువులో దాదాపు సగం క్లోరైడే. యూరియా వానాకాలపు పొద్దుటి తేమకే చెమ్మగిల్లుతుంది. బస్తా కింద మందపాటి పరదా వేయండి. రాలినదాన్ని పొడిగా ఉండగానే ఊడ్చి, స్టెప్నీ తీసి ఆ గుంత కూడా తుడవండి.

కడిగే నీళ్ల సంగతి కూడా అంతే. నల్లగొండ బోరు నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. అది ఎముకల బాధ, రేకుకు కీడు చేసేది అదే నీళ్లలోని క్లోరైడ్. కడగడం ఏ నీళ్లతోనైనా కానివ్వండి, చివరి రెండు బకెట్లు మాత్రం భగీరథ నల్లావో పట్టిన వాననీళ్లో పోయండి. దసరా పూజకూ, కొత్త బండిని యాదగిరిగుట్ట తీసుకెళ్లినప్పటి పూజకూ ఇదే వర్తిస్తుంది. బానెట్ మీద పడ్డ కొబ్బరినీళ్లలో పొటాషియం, క్లోరైడ్ ఉంటాయి, నిమ్మరసం ఆమ్లం. పూజ భక్తిగా చేసుకోండి, సాయంత్రంలోపు ఆ చోట్లు మంచినీళ్లతో కడిగేయండి. గుమ్మడికాయ కొడితే బండి తుప్పుపట్టదని చెప్పేవాళ్లను మాత్రం నమ్మొద్దు.

ఇక పుట్టీ. తుప్పు ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు తీసుకుంటుంది కాబట్టి పైపూతను లేపుతుంది. అంచున పుట్టిన క్షారం రంగు పట్టును వదిలిస్తుంది. కారు పుట్టీలో ఎక్కువ భాగం టాల్క్ పొడి, అది తేమ పీలుస్తుంది. ఇంతకంటే ముఖ్యమైన విషయం, మిగిలిపోయిన తుప్పు ఊరికే కూర్చోదు. తడిసినప్పుడు దానిలోని ఐరన్ ఆక్సీహైడ్రాక్సైడ్ తానే ఎలక్ట్రాన్లు తీసుకుని మాగ్నటైట్‌గా (నల్లటి ఐరన్ ఆక్సైడ్‌గా) మారుతుంది. అంటే ఆక్సిజన్ చేరకపోయినా కింద రేకు కరుగుతూనే ఉంటుంది. ఆరినప్పుడు గాలి అందితే ఆ మాగ్నటైట్ తిరిగి తుప్పుగా మారి తర్వాతి వానకు సిద్ధమవుతుంది. తుప్పు మీద వేసిన పుట్టీగానీ, మట్టి మీద కొట్టిన నల్లటి అండర్ బాడీ కోటింగ్‌గానీ ఈ పనికి పైకప్పు వేసినట్టే.

పని ఎట్లా చేయాలంటే, కాలం ముందు చూసుకోండి. సంక్రాంతి నుంచి ఉగాది మధ్య అనుకూలం. మంచు ఆరాక పది గంటలకు మొదలుపెట్టి సాయంత్రంలోపు ప్రైమర్ పడాలి. రేకు వేడి మంచుబిందు ఉష్ణోగ్రతకంటే (గాలిలోని తేమ చుక్కలుగా కట్టే ఉష్ణోగ్రతకంటే) కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి, అయితే చెయ్యి పెట్టలేనంత కాలకూడదు.

కనిపించే పొక్కు దాటి, రంగు గట్టిగా పట్టుకున్న చోటు వరకు, కనీసం 2-3 సెం.మీ. అదనంగా గీకండి. వైర్ కప్ బ్రష్ ఒక్కటే పెడితే తుప్పు మెరిసేలా పాలిష్ అవుతుంది, పోయినట్టు మోసం చేస్తుంది. దాని తర్వాత 80 నంబరు పేపర్, 180 పేపర్, గుంతల్లో సూది మొన. తర్వాత బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు కడిగి తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి అరగంట ఆగండి. గుంతల్లో మళ్లీ గోధుమ చుక్కలు లేస్తే ఉప్పు ఇంకా ఉన్నట్టు. మళ్లీ గీకండి, మళ్లీ కడగండి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, దీన్ని దాటేసిన పని నిలవదు.

గుంతల్లో మిగిలిన పలుచని మరకకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ (తుప్పును స్థిరమైన పొరగా మార్చే మందు) చాలు. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని బ్రష్‌తో పూసి, డబ్బా మీద రాసినంత సేపు తడిగా ఉంచాలి. మామూలు రకాన్ని కడిగి ఆరబెట్టాలి, లేకపోతే మిగిలిన ఆమ్లం ఎపాక్సీని గట్టిపడనివ్వదు. పాలిమర్ కలిసిన రకాన్ని కడగకూడదు. బాత్రూం యాసిడ్ మాత్రం వద్దేవద్దు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, తుప్పును నిమిషంలో తినేసి క్లోరైడ్‌ను గుంతల్లో వదిలి వెళ్తుంది. కరక్కాయ కషాయం పూసినా తుప్పు నల్లబడుతుంది. కరక్కాయ, అన్నభేదితో సిరా చేసిన పాతకాలపు రసాయనశాస్త్రమే అది. కొడవలికీ గడపారకూ పూసుకోవచ్చు. కారు రేకుకు పనికిరాదు, ఎందుకంటే కషాయంలోని మిగతా పదార్థం ప్రైమర్ పట్టును చెడగొడుతుంది.

థిన్నర్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, ప్రైమర్ ఒక డబ్బాలో, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ ఇంకో డబ్బాలో వచ్చే ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు వేయండి. చవకని రెడ్ ఆక్సైడ్ అడుగుతారు. అందులోని ఆల్కిడ్ నూనెను తుప్పు దగ్గర పుట్టే క్షారం సబ్బులా మార్చేస్తుంది, ఎపాక్సీ దాన్ని తట్టుకుంటుంది. కొలత లెక్కేస్తే ఖర్చు భయం పోతుంది. అర చదరపు మీటరు మీద 50 మైక్రాన్ల పొర అంటే 25 మి.లీ. గట్టి పదార్థం. డబ్బాలో సగం థిన్నర్ అనుకున్నా రెండు కోట్లకు 100 మి.లీ., వృథాతో 150. చక్రం అంచుకు అందులో పావువంతు చాలు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక డబ్బా పంచుకోవచ్చు, హార్డ్‌నర్ మాత్రం ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. పుట్టీ అవసరమైతే ఎపాక్సీ మీదే పడాలి, ఉత్త రేకు మీద కాదు. ఆ పైన రంగు, క్లియర్ కోటు.

జింక్ ప్రైమర్ మంచిదే. ఇనుముకంటే ముందు తాను కరిగి కాపాడుతుంది. కానీ అది నేరుగా లోహాన్ని తాకాలి. తుప్పు మీదగానీ కన్వర్టర్ పొర మీదగానీ వేస్తే ఎలక్ట్రాన్లకు దారి ఉండదు, అది మామూలు బూడిదరంగు పెయింటే. బ్యాటరీకి తగిలించే "ఎలక్ట్రానిక్ తుప్పు నివారణి"లకు అస్సలు డబ్బు పెట్టొద్దు. ఆ పద్ధతి నీళ్లలో మునిగి ఉండే ఓడకూ, నేలలో పాతిన పైపుకూ పనిచేస్తుంది. గాలిలో నిలబడ్డ కారు చుట్టూ కరెంటు నడవడానికి నీళ్లేవీ?

డోర్ల అడుగున, రన్నింగ్ బోర్డు కింద నీళ్లు కారే రంధ్రాలను కేబుల్ టైతో పొడిచి తెరవండి, స్క్రూడ్రైవర్ పెడితే రంగు లేస్తుంది. ఏసీ నీళ్లు లోపలి మ్యాట్ కింద పడుతున్నాయేమో చూడండి.

చివరగా, తుప్పు చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. దిగిపోతే అది రంగు పని కాదు. జాకీ పెట్టే చోటు, రన్నింగ్ బోర్డు, సస్పెన్షన్ బిగించే చోట్లు, సీట్ బెల్ట్ బోల్టుల చుట్టూ ఫైబర్ అతుకులు ఒప్పుకోవద్దు. మంచి రేకు తగిలే వరకు కోయించి, 0.8 మి.మీ. రేకుతో సీవో2 వెల్డింగ్ చేయించండి. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి, లోపలి కార్పెట్ ఎత్తాలి. వెల్డింగ్ వేడికి రేకు వెనకవైపు పూత కాలిపోతుంది, కొత్త తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. అందుకని చల్లారాక రంధ్రాల్లోంచి గొట్టం పెట్టి క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల లోపల కొట్టే మైనపు పూత) స్ప్రే చేయించండి. అది కొనలేకపోతే కొత్త గేర్ ఆయిల్‌ను రబ్బర్లకూ బ్రేకులకూ సైలెన్సర్‌కూ తగలకుండా పోసి, ఏటా వానలకు ముందు మళ్లీ పోయండి. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో ఆమ్లాలు ఉంటాయి, అది వద్దు.